రెండడుగులు

ఆర్థర్ రాజు భార్య గ్వినివీర్‌ను గోర్ రాజ్యపు యువరాజు మెలియగాంట్ పట్టుకుపోయాడు. విడిపించడానికి బయల్దేరిన వీరుడు లాన్సెలాట్‌కు దారిలోనే రెండు గుర్రాలు చచ్చాయి. ఇనప కవచంతో కాలినడకన పోతుంటే ఒక బండి కనిపించింది. తోలేవాడు మరుగుజ్జు. రాణి జాడ అడిగితే, బండెక్కు, రేపటికల్లా తెలుస్తుందన్నాడు.

అది దొంగల్నీ హంతకుల్నీ ఊరేగించే బండి. గాడిదనెక్కించి తిప్పడం లాంటిదే. ఒక్కసారి ఎక్కినవాడికి ఇక పరువుండదు. అది ఎదురైతే జనం సిలువ గుర్తు వేసుకునేవారు. 12వ శతాబ్దంలో ఈ కథను ఫ్రెంచిలో కట్టిన క్రెటియెన్ ఇక్కడ ఒక చురక వేశాడు: అప్పట్లో ఊరికొక్కటే ఉండేదట, తన కాలానికి పెద్ద ఊళ్లలో 3000కు పైనేనట.

ఎక్కొద్దంది బుద్ధి. ఎక్కమంది రాణి మీది ప్రేమ. లాన్సెలాట్ రెండడుగులు వేసేంతసేపు ఆలోచించాడు. మూడో అడుగు బండిలోనే వేశాడు.

వెనకే వచ్చిన తోటి వీరుడు గావైన్‌నూ మరుగుజ్జు ఎక్కమన్నాడు. గుర్రం దిగి బండెక్కేంత వెర్రివాణ్ణి కానని గావైన్ గుర్రం మీదే వెంట వచ్చాడు. అతన్నెవరూ ఏమీ అనలేదు. లాన్సెలాట్‌ను మాత్రం పిల్లా పెద్దా వెంటబడి అరిచారు. ఏం నేరం చేశాడు, ఉరి తీస్తారా, తోలు వలుస్తారా అని మరుగుజ్జును అడిగారు. బండి దిగాక కూడా బండెక్కినవాడన్న పేరు అతని కంటే ముందే ఊళ్లు చేరింది.

గోర్ పొలిమేరలో నది. దాని మీద వంతెనంటే ఒక కత్తి. రెండు ఈటెల పొడవు. పట్టు దొరకాలని లాన్సెలాట్ కాళ్ల తొడుగులు, చేతుల తొడుగులు తీసేసి, పదును మీద పాకాడు. అరచేతులు, మోకాళ్లు, పాదాలు చీరుకుపోయాయి. మర్నాడు ఆ చేతులతోనే మెలియగాంట్‌తో పోరాడి రాణికి చెర వదిలించాడు.

రాణి మొహం తిప్పుకుంది. ఒక్క మాట మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోయింది.

బండెక్కినందుకే అనుకున్నాడు లాన్సెలాట్. పరువు పోయినవాడితో రాణి ఎలా మాట్లాడుతుంది? ఒక దశలో, రాణి చనిపోయిందన్న పుకారు విని, ప్రాణం తీసుకోబోయాడు కూడా. కొన్నాళ్లకు మళ్లీ కలిసినప్పుడు, ధైర్యం చేసి, తన తప్పేమిటని అడిగాడు.

రాణి చెప్పింది. ఎక్కినందుకు కాదు. ఎక్కే ముందు రెండడుగుల సేపు ఆగినందుకు.

నిజమే, తప్పు నాదే అన్నాడు లాన్సెలాట్. క్షమించమని వేడుకున్నాడు. రాణి క్షమించింది.

ఆ రాత్రి కిటికీ ఊచలు పీకి ఆమె గదిలో దిగాడు. వేళ్లు తెగిన సంగతి తెల్లారి వెళ్లిపోయేదాకా తెలియలేదు. దుప్పటి మీద నెత్తురు మెలియగాంట్ చూశాడు. అదే గదిలో గాయాలతో పడుకున్నవాడు ఆర్థర్ కొలువులోని కే. నింద అతని మీద పడింది.

నింద తేల్చే ద్వంద్వయుద్ధంలో రాణి తరఫున పోరాడటానికి లాన్సెలాట్ వచ్చాడు. ప్రమాణానికి పునీతుల అస్థికలు తెప్పించారు. వాటి ముందు అతను చెయ్యెత్తి, కే రాణి పక్క చేరలేదని దేవుడి సాక్షిగా ప్రమాణం చేశాడు.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చెయ్యెత్తడానికి రెండడుగుల సేపు కూడా పట్టలేదు.