పిలవని పిట్ట

(ఎం.వి.పి. కాలనీలో ఓ అపార్ట్‌మెంటు మిద్దె. డాలరుగారు స్టూలెక్కి ఎర్ర ప్లాస్టిక్ బుడ్డీకి సుతిలి కడుతున్నారు. స్టూలు పట్టుకున్నది వాచ్‌మన్. పట్టుకోమని సలహా ఇచ్చింది సెక్రటరీగారు. ఉక్కునగరంలో రిటైరైన ఫోర్‌మన్‌గారు కుర్చీలో ఉన్నారు.)

డాలరుగారు: న్యూజెర్సీలో మా అబ్బాయి పెరట్లో ఇది కట్టీకట్టగానే హమ్మింగ్‌బర్డ్ వాలిపోయిందండీ. ఇక్కడ చీమలు తప్ప ఒక్క ప్రాణీ రాదు!

ఫోర్‌మన్‌గారు: చీమలొచ్చాయి, సంతోషించండి. ఆ పిట్టలుండేది అమెరికా ఖండాల్లోనే. మీవాడి పెరట్లోకొచ్చే ఎర్ర గొంతుది మూడు గ్రాములు తూగుతుంది, చలికాలానికి మెక్సికో వైపు పోతుంది. విశాఖ రావాలంటే దానికి ఓడే గతి. పోర్టు తెరిచింది 1933లో. ఇంతవరకూ ఒక్కటీ దిగలేదు.

సెక్రటరీగారు: దిగిన బొగ్గు పొడి చాలు లెండి.

డాలరుగారు: మరి మనకి అలాంటిది లేదా?

వాచ్‌మన్: నేకేం బాబూ, తేనెపిట్ట! మీ బట్టల తీగకి ఏలాడతంది సూడండి, సంచీనాగ.

డాలరుగారు: అదా! గాలికి బూజు పట్టుకుందనుకున్నాను.

ఫోర్‌మన్‌గారు: బూజే. సాలెపట్టుతో నార, ఎండుటాకు, బెరడు ముక్కలు అతికించి, పక్కన గుమ్మం పెట్టి, గుమ్మం మీద చూరు కూడా దించింది. జీవితమంతా వెల్డింగు చూసినవాణ్ణి, ఇంత తేలికపాటి అతుకు నేనెరగను. కట్టేదంతా ఆడదే. మగది నడుమ నడుమ వచ్చి ఎండలో తళతళలాడి వెళ్తుంది.

సెక్రటరీగారు: పర్యవేక్షణ ఎవరో ఒకరు చెయ్యాలిగా!

డాలరుగారు: మరి నా పంచదార నీళ్ళు ముట్టదేం? ఒక వంతుకి నాలుగు వంతులు కొలిచి కలిపాను. ఎర్ర రంగు కూడా వేశాను.

ఫోర్‌మన్‌గారు: ఆ రంగు వెయ్యొద్దని అమెరికాలోనే మొత్తుకుంటున్నారు. పైగా ఇది మీ పిట్టలా గాల్లో నిలబడి తాగే రకం కాదు. ఎప్పుడైనా ఓ క్షణం రెక్కలాడిస్తుందిగానీ, కొమ్మ మీద కుదురుగా కూర్చుంటేనే దానికి హాయి. పువ్వులోకి ముక్కు అందకపోతే తొడిమ పక్కన బెజ్జం పొడిచి తేనె లాగేస్తుంది.

సెక్రటరీగారు: పుప్పొడి పని చెయ్యకుండానే బిల్లు తీసుకుంటుందన్నమాట. మన కాంట్రాక్టరే నయం.

డాలరుగారు: అయితే మందారాలు, నూరువరహాలు పెట్టిద్దాం.

వాచ్‌మన్: ఉండీవి బాబూ. పిండినల్లి పట్టీసిందని సెక్రటరీగారు పీకించీసినారు. ఆ కుండీల్లో పిలాస్టిక్ పూలెట్టించినారు.

సెక్రటరీగారు: నీళ్ళక్కర్లేదు, రాలవు, పురుగు పట్టదు. మొన్న కార్యవర్గం ఏకగ్రీవంగా మెచ్చుకుంది.

ఫోర్‌మన్‌గారు: పురుగు పట్టకపోతే పిల్లలేం తింటాయండీ? తేనె పెద్దవాటికి. గూట్లో నోళ్ళు తెరిచేవాటికి పురుగులు, సాలీళ్ళు కావాలి. మీరు నెలనెలా మందు కొట్టిస్తారు, పండగొస్తే బూజు దులిపిస్తారు. ఇక గూటికి అతుకూ లేదు, పిల్లలకి కూడూ లేదు. అయినా ఈ ఊళ్ళో కాపురం పెట్టింది చూడండి, దాన్ని మెచ్చుకోవాలి. పిట్ట పేరు పెట్టుకునే ఓ తుఫానొచ్చిందిగా, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ అని! అది పడగొట్టిన చెట్ల కింద నీడ కోసం ఇప్పటికీ వెతుక్కుంటున్నాం.

డాలరుగారు: నీడంటే గుర్తొచ్చింది. ఆ గూడున్న మూల మంచి నీడ, అక్కడైతే నా నీళ్ళు పులియవు. దాన్ని కాస్త తీయిస్తే ఫీడరు అక్కడ కట్టుకుంటాను.

సెక్రటరీగారు: రేపు మందు కొట్టేవాళ్ళు వస్తారు, చెప్తాను.

వాచ్‌మన్: లోపల పిల్లలున్నాయి బాబూ.

డాలరుగారు: అరెరే, ముందే చెప్పవేం! ఉండు, ఫోను తే. తల్లి మేతకి రాగానే, ఫీడరు కూడా పడేలా ఒకటి తియ్యి. హమ్మింగ్‌బర్డ్ వచ్చేసిందని అబ్బాయికి పెట్టేస్తాను. పీకడం తర్వాత చూద్దాం.