మేత బిల్లు ఎనభై ఎనిమిది రూపాయలు

2025 ఆగస్టు నెలాఖరులో నెల్లూరు తీరంలో రొయ్యల మీద లాభం చూసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆ నెల 27 నుంచి మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతమైంది. టీ అంగడి దగ్గర, బ్యాంకులో, చివరికి పెళ్లిపందిట్లో కూడా కౌంటు ధర ఎంత పడిందన్నదే మాట. మైపాడు పక్కన గుంటలు చేసే మా బావమరిదికి అన్నం సయించడం మానేసింది. నేను మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ పంటకు మేత ఖర్చు మొత్తం కలిపి ఎనభై ఎనిమిది రూపాయలని తేల్చాను.

"ఎనభై ఎనిమిది రూపాయలకు మేత కాదు బావా, మేతొచ్చిన ఖాళీ సంచులు కూడా రావు" అన్నాడు వాడు.

"కంప్యూటర్ చెప్తోంది" అన్నాను.

"కంప్యూటర్‌కు ఎవురు చెప్పినారు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆ గుంటల్లో మా ఆవిడకు పుట్టింటి వాటా ఉంది. అందుకని మేత పుస్తకం ఆమె దగ్గరే ఉంటుంది. ఏ గుంటకు ఏ పూట ఎన్ని కేజీలు వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, డీలరుకు ఎంత కట్టాలి, అన్నీ నీలం అట్ట నోటుబుక్కులో ఉంటాయి. అందులో తప్పు దొరికిందని ఎవరూ ఇంతవరకు అనలేదు. కానీ రిటైరై ఇంట్లో కూర్చున్న మగవాడు సజావుగా జరిగే పనిని చూస్తూ ఊరుకోలేడు. దాన్ని బాగుచేసి తీరాలి.

ఆ సంక్రాంతికి బావమరిది కూతురు బెంగుళూరు నుంచి వచ్చింది. చిప్ డిజైన్‌లో ఉద్యోగం. నా కంప్యూటర్‌లో చిందరవందరగా పడివున్న పెళ్లి ఫొటోల పేర్లన్నీ ఒక్క పంక్తి కొట్టి వరసలో పెట్టేసింది. ఏమిటమ్మా ఈ మంత్రం అంటే "పెర్ల్ మామా" అంది. లారీ వాల్ అనే అమెరికా ఆయన 1987 డిసెంబరులో బయటికి వదిలిన భాష. ఆయన భాషాశాస్త్రం చదివిన మనిషి. అందుకేనేమో, ఒకే పనిని ఎవరికి తోచిన తీరులో వాళ్లు చెప్పుకునే వీలుంచాడు. ఇప్పటి పిల్లలు దీన్ని పాతసామాను కింద కడతారట గానీ, చిప్ డిజైన్‌లో రిపోర్టుల చాకిరీకి ఇంకా ఇదే దిక్కట. మానవ జన్యుపటం రాస్తున్న రోజుల్లో ఒక ల్యాబ్ ఫైళ్లు ఇంకో ల్యాబ్‌కు కొరుకుడు పడకపోతే మధ్యలో సర్దిపెట్టింది కూడా పెర్లేనని లింకన్ స్టెయిన్ 1996లో ఒక వ్యాసమే రాశాడు. మనిషి జన్యువుల లెక్కే తేల్చిన భాషకు రొయ్య మేత ఒక లెక్కా?

ఆ పిల్ల నాకో పుస్తకం కూడా ఇచ్చి వెళ్లింది, అట్ట మీద ఒంటె బొమ్మ ఉన్నది. పెర్ల్ లోకంలో ప్రోగ్రామర్‌కు మూడు సుగుణాలు చెప్తారు: సోమరితనం, అసహనం, అహంభావం. ఉద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా పై అధికార్లు నా గురించి రాసినవి ఇవే. ఇక నాకు రానిదేముంది అనుకున్నాను.

మొదటి రోజు మా బావమరిది నా భుజం మీదుగా తెర చూసి ముచ్చటపడ్డాడు. పెర్ల్‌లో ఒక విలువను దాచుకునే పేరు ముందల్లా డాలరు గుర్తు పెట్టాలి. పంక్తి పంక్తికీ డాలర్లే. "ఎక్స్‌పోర్టు లెక్కా బావా?" అన్నాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఇక అసలు కథ. ప్రోగ్రాం తలకట్టులో "యూజ్ స్ట్రిక్ట్", "యూజ్ వార్నింగ్స్" అని రెండు పంక్తులు తప్పకుండా ఉండాలని మేనకోడలు మరీ మరీ చెప్పింది. ఉంచాను. అవి ఉన్నంతసేపూ అది నడవలేదు. ఈ పేరు ముందుగా చెప్పలేదే, ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది అని ఒకటే పోరు. రెండు పంక్తులూ తీసేశాను. అంతే, మారుమాట లేకుండా నడిచింది. సమస్య పరిష్కారమైందని ఆ పూట పడుకుని నిద్రపోయాను కూడా.

అది ఎందుకు పోరు పెట్టిందో తర్వాతెప్పుడో తెలిసింది. పెర్ల్‌లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. మేత అన్న మాటలో టీ తర్వాత హెచ్ ఉండాలా అక్కర్లేదా అన్నది మన తెలుగువాళ్లలో ఇద్దరికి ఒకేలా ఉండదు. నాలో నాకే ఒకేలా లేదు. ఒకచోట హెచ్ ఉంది, ఒకచోట లేదు, ఇంకోచోట ఏ పక్కన ఈ చేరింది. స్ట్రిక్ట్ ఉంటే ఇవి వేరు వేరు పేర్లని పట్టేసుకునేది. అది లేకపోయేసరికి పెర్ల్ మర్యాదగా మూడు మేతలు సృష్టించుకుని, ఒకదాంట్లో లెక్క వేసి, ఖాళీగా ఉన్న ఇంకోదాన్ని నాకు చూపించింది.

తర్వాత గుంటలు మాయమయ్యాయి. ఏ గుంట లెక్క కావాలని ప్రోగ్రాం అడుగుతుంది, నేను పడమటి గుంట అని కొడతాను, అట్లాంటి గుంట లేదంటుంది. ఇది విని మా బావమరిది బండి తీసుకుని నిజంగానే గట్టు మీదికి వెళ్లి చూసొచ్చాడు. "ఉండాది బావా, ఏరియేటర్లు కూడా తిరగతా ఉండాయి" అని ఫోను. జరిగిందేమంటే, మనం పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఎంటర్ కూడా పేరు చివర తోకగా అంటుకుంటుంది. కంటికి కనిపించదు. ఆ తోకను కోసెయ్యడానికి పెర్ల్‌లో చాంప్ అనే మాట ఉంది. అది వాడకపోతే పడమటి గుంట వేరు, పడమటి గుంటా దాని తోకా వేరు.

చాంప్ తెలిసే లోపల నేను నా సొంత వైద్యం చేశాను. మాటల్ని పోల్చడానికి ఈక్యూ అని వాడాలి, అంకెల్ని పోల్చడానికి రెండు సమానం గుర్తులు. నేను ఈక్యూ తీసేసి సమానం గుర్తులు పెట్టాను. వెంటనే గుంట దొరికింది. పడమటిదే కాదు, అన్నీ దొరికాయి. ఏ పేరు కొట్టినా మూడు గుంటల లెక్కా కలిపి చూపిస్తోంది. మాటను అంకెగా చూడమంటే పెర్ల్‌కు అందులో అంకె ఏదీ కనిపించక సున్నా అనుకుంటుంది. తూర్పు గుంట సున్నా, పడమటి గుంట సున్నా, కాబట్టి రెండూ సమానం. 1990ల మధ్యలో వైట్ స్పాట్ జబ్బు వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయిన నాటి సంగతి తెలిసిన మా బావమరిదికి ఈ లెక్కలో తప్పేమీ కనబడలేదు.

కౌంటు ధరల పట్టికలో తప్పు పట్టింది మాత్రం కాపలా అబ్బాయి. కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంటు. ముప్పై కౌంటంటే పెద్ద రొయ్య, మంచి ధర. వంద కౌంటంటే చిన్నది, ధర తక్కువ. నా పట్టికలో వంద అన్నిటికంటే పైన కూర్చుంది, దాని కింద ముప్పై, నలభై, అరవై. "వందకు రేటు పెరిగిందా సార్?" అన్నాడు ఆ అబ్బాయి ఆశగా. ఊరికే సార్ట్ అంటే పెర్ల్ అంకెల్ని కూడా నిఘంటువులో మాటల్లాగే వరసపెడుతుంది. ఒకటితో మొదలైంది గనక వంద ముందు, మూడుతో మొదలైంది గనక ముప్పై తర్వాత. అంకెల వరస కావాలంటే ఎడమ బాణం, సమానం, కుడి బాణం పక్కపక్కన పెట్టాలి. ఆ గుర్తును పెర్ల్ వాళ్లు స్పేస్‌షిప్ అంటారు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే డాబా మీద నిలబడి చూసే ఊళ్లో ఉంటూ, నాకు కావలసిన స్పేస్‌షిప్ కోసం బెంగుళూరుకు ఫోన్ చేయాల్సి వచ్చింది.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నా అజ్ఞానం కన్నా నేను సాయం అడిగే తీరే మా మేనకోడల్ని ఎక్కువ ఏడిపించింది. మొదట్లో నా ప్రశ్న ఒక్క మాటే: "అమ్మా, పని చేయడంలా." ఏది పని చేయడంలేదంటే "అంతా" అనేవాణ్ణి. ఏమైనా మెసేజ్ వచ్చిందా అంటే "ఏదో ఇంగ్లీషులో వచ్చింది, కొట్టేశాను" అనేవాణ్ణి. ఫొటో పంపమంటే తెరను పక్కవాటుగా ఫొటో తీశాను. అందులో సగం ట్యూబ్‌లైటు వెలుగు, మిగతా సగంలో తువ్వాలుతో నేను. ప్రోగ్రాం మొత్తం పంపమంటే దాంతోపాటు డీలరు ఎట్లాంటివాడు, ఈ పంటకు రొయ్యపిల్ల ఎక్కడ తెచ్చాం, వర్షం ఎప్పుడు పడింది, అన్నీ వాయిస్ మెసేజ్‌లో చెప్పాను. కథ బాగుందని ఆ పిల్ల రూమ్మేట్లు కూడా విన్నారట. తప్పు ఎక్కడుందో మాత్రం ఎవరికీ దొరకలేదు.

"మామా, పది పంక్తుల ప్రోగ్రాం, మూడు పంక్తుల డేటా, ఏమొస్తుందనుకున్నావు, ఏమొచ్చింది. ఈ నాలుగూ పంపు. ఇంకేమీ వద్దు" అంది చివరికి.

నాకు అభిమానం దెబ్బతింది. పెద్దవాడి మాట పూర్తిగా వినే ఓపిక ఈ తరానికి లేదని బావమరిది దగ్గర వాపోయాను. వాడు సొంత కూతుర్ని వెనకేసుకొచ్చాడు. "రొయ్య జబ్బు పడితే ల్యాబ్‌కు ఏం తీసకపోతాం బావా? సీసాలో గుంట నీళ్లు, కవర్లో పది రొయ్యలు. నువ్వు రొయ్యల్ని ఇంటికాడ పెట్టి మీ తాత కత చెప్తుండావు" అన్నాడు.

ఆ రాత్రి బుద్ధిగా కూర్చుని మూడు పంక్తులు ఏరాను. మేత పుస్తకంలోంచి మూడు బిల్లులు. నిజానికి ఆ పంట మేత ఖాతాలో ఉన్నవీ ఆ మూడు పెద్ద బిల్లులే. మా ఆవిడను పుస్తకం చదవమని, నేను తెర మీద సరిచూసుకుంటున్నాను.

"లక్షా ఇరవై వేలు" అంది.

"ఉంది."

"ఎనభై అయిదు వేల అయిదు వందలు."

"ఉంది."

"రెండు లక్షల నలభై వేలు. ఏమండీ, మధ్యలో కామాలు నేను పెట్టినట్టే పెట్టారే. అవి దానికి తెలుసా?"

తెలియదు. పెర్ల్‌కు ఒక మాటను అంకెగా చదవమంటే మొదట్నించీ అంకెలు ఉన్నంతవరకు చదివి, అంకె కానిది తగలగానే ఆగిపోతుంది. లక్షా ఇరవై వేలల్లో కామా ముందున్నది ఒకటి. రెండోదాంట్లో ఎనభై అయిదు. మూడోదాంట్లో రెండు. మొత్తం ఎనభై ఎనిమిది రూపాయలు. మరి అమ్మకం డబ్బు ఎందుకు సరిగ్గా వచ్చిందంటే, దాన్ని కొట్టింది నేను, కామాలు పెట్టడానికి బద్ధకించాను. సుగుణాల్లో మొదటిది అక్కడ పనిచేసింది. ఇది అంకె కాదు బాబూ అని పెర్ల్ చెప్పదా అంటే, చెప్తుంది. వార్నింగ్స్ అన్న పంక్తి ఉంటే, ఏ పంక్తిలో ఏ సంఖ్య దగ్గర తేడా ఉందో విడమరిచి చెప్తుంది. ఆ పంక్తిని తీసేసి పడుకున్న సంగతి ముందే చెప్పాను.

కామాలు ఏరిపారేశాక మేత ఖర్చు 4,45,500 అయింది. పిల్ల, కరెంటు, మందులు కూడా కలిపాక లాభం ఎటు పోయిందో చెప్పను. మా బావమరిది ఒక్కసారి చూసి "ఆఁ, ఇదీ మన లెక్క" అన్నాడు. ఆ మనిషి మొహంలో ఆ వారమంతా లేని నెమ్మది కనిపించింది. ఆ మొత్తం మా ఆవిడ పుస్తకంలో చివరి పేజీలో అప్పటికే ఉంది, పెన్సిలుతో.

ఇంతటితో ఆగొచ్చు. కానీ రిపోర్టు తెలుగులో రావాలని నాకు పట్టుదల. గడులన్నీ సమంగా రావాలని ఊరి పేరు పొడవెంతో అడిగితే, నెల్లూరుకు 24 అంది. మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి "నె, ల్లూ, రు. మూడు" అంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు మూడేసి బైట్లు తింటుంది, పెర్ల్ ఆ బైట్లు లెక్కపెట్టింది. ఇది తెలుగు అని ముందే చెప్పుకుంటే 8కి దిగింది: న, ఎత్వం, ల, పొల్లు, ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము. చిన్నప్పుడు మా అయ్యవారు బెత్తంతో నేర్పిన గుణింతం ఇదేనని గుర్తుపట్టి నేను పొంగిపోయాను. గడులు మాత్రం ఇప్పటికీ వంకరే.

ఇప్పుడు స్ట్రిక్ట్, వార్నింగ్స్ రెండూ తలకట్టులోనే ఉన్నాయి. ప్రోగ్రాం ఫైలు మా ఆవిడ పేరు మీద, ఆమె పాస్‌వర్డ్ కింద ఉంది. మొన్న కొత్త చిక్కు వచ్చింది. తారీకుల వరస తప్పి, డిసెంబరు ఒకటో తేదీ బిల్లు అక్టోబరు రెండో తేదీ బిల్లు కంటే ముందు వస్తోంది. ఈసారి చెప్పినట్టే చేశాను. పది పంక్తుల ప్రోగ్రాం, మూడు పంక్తుల డేటా, ఏమి రావాలి, ఏమొచ్చింది. వాన లేదు, డీలరు లేడు. ఫొటో కూడా కాదు, అక్షరాలా టైపు చేసి పంపాను.

నిమిషంలో జవాబొచ్చింది. "ప్రశ్న చాలా బాగుంది మామా. అత్త రాసిందా?"