లండన్ చలానా

మన దగ్గర చలానా పడాలంటే కనీసం బండి మన రోడ్డెక్కాలి. లండన్‌కి ఆ పట్టింపు లేదు. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 అక్టోబరులో అమెరికాలో ఉన్న ఫోర్‌చాన్ అనే చర్చావేదిక వెబ్‌సైటుకి 20,000 పౌండ్ల జరిమానా రాసింది. చేసిన తప్పు, అడిగిన వివరాలు పంపకపోవడం. పైగా రోజుకు 100 పౌండ్లు, 60 రోజుల దాకా. (అర్జీకి బదులివ్వని మన ఆఫీసులకూ ఇదే లెక్క కడితే ఖజానాకి తాళం సరిపోదు.)

ఫోర్‌చాన్‌ని వెనకేసుకు రావాలని నాకేం లేదు. అక్కడి రాతలు చదివితే చేతులే కాదు, కళ్లు కూడా కడుక్కోవాలి. కానీ ఆన్‌లైన్ భద్రత కోసం బ్రిటన్ తెచ్చిన 2023 చట్టం ధోరణి చూడండి: కంపెనీ ఎక్కడున్నా మా జనం చూస్తే మా చట్టమే, మాట వినకపోతే 1.8 కోట్ల పౌండ్లు, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 10 శాతం, ఏది ఎక్కువైతే అది. ఫోర్‌చాన్ వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడే 1791 నాటి అమెరికా మొదటి రాజ్యాంగ సవరణను చంకన పెట్టుకుని, ఆఫ్‌కామ్ మీదే వాషింగ్టన్ కోర్టుకెక్కింది.

ఈ తగవు పాతదే. నాజీ వస్తువుల వేలం ఫ్రెంచివాళ్ల కంట పడనీయొద్దని 2000లో పారిస్ కోర్టు యాహూని ఆదేశించింది. ఆ ఆదేశం ఇక్కడ చెల్లదని మరుసటి ఏడాది కాలిఫోర్నియా జడ్జి అన్నాడు. 2006లో పై కోర్టు ఆ తీర్పునూ పక్కన పెట్టింది. ఇంతకీ యాహూ 2001 మొదట్లోనే ఆ సరుకును తనంతట తానే తీసేసింది. వకీళ్ల మీటరు మాత్రం ఆగలేదు.

అమెరికాకి ఈసారి రోషమొచ్చింది. మా పౌరుల నోరు నొక్కే విదేశీ అధికారులకు వీసా ఇచ్చేది లేదని 2025 మేలో ప్రకటించింది. డిసెంబరులో యూరప్ మాజీ కమిషనర్ తియెరీ బ్రెతోఁకి తలుపేసింది కూడా. భళా అనుకున్నాను. ఆ మధ్యలో, జూన్‌లో, స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలన్నీ బార్లా తెరిచి పెట్టాలంది. డిసెంబరు 15 నుంచి హెచ్‌-1బీ వాళ్లకీ, ఇంటిల్లిపాదికీ అదే వరస.

పక్కింటి కుర్రాడికి నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ. రాత్రి పదకొండుకి ఫోన్ పట్టుకొచ్చాడు.

"బాబాయ్, ట్రంప్ మీమ్‌కి ఎప్పుడో లైక్ కొట్టాను. తీసెయ్యనా?"

"అది వాక్‌స్వాతంత్ర్యానికి పుట్టిల్లురా!"

"పుట్టింటివాళ్లకి కదా బాబాయ్ అది. మనం వీసా వాళ్లం."

లైక్ తీసేశాడు. గుమ్మం దాకా వెళ్లి, కాస్త మొహమాటంగా వెనక్కి తిరిగాడు.

"నీ కాలమ్‌లు కూడా షేర్ చేసేవాణ్ని బాబాయ్. నిన్నే తీసేశా. ఏమీ అనుకోకు."