‘పరుగు లేదు’ – టీకాతాత్పర్యసహితము

మూలము

“బౌలరు వచ్చుచున్నాడు... వచ్చుచున్నాడు... అంపైరును దాటినాడు, బంతి వేసినాడు; ఆఫ్ స్టంపునకు కొంచెము వెలుపల; బ్యాట్స్‌మన్ ముందునకు వచ్చి డ్రైవ్ చేసినాడు; బంతి కవర్ వైపునకు; అక్కడ ఫీల్డరున్నాడు; పరుగు లేదు.”

అవతారిక

కాళిదాసాది మహాకవుల కావ్యములకు వ్యాఖ్యలు సంతరించిన కోలాచల మల్లినాథసూరి, మన మెదకుసీమవాడు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అపేక్షింపబడనిదానిని పలుకననియు ముందుగా ప్రతిన పూని మఱి ఘంటము పట్టెను. ఆ ప్రతిననే రేడియోలో క్రికెట్టు ఆటను వర్ణించు వ్యాఖ్యాతచేత చేయించినచో ఆ మహానుభావుడు రెండవ ఓవరు ముగియకమునుపే మూగవోవును. ఏలయన టెస్టు ఆట అయిదు దినములు సాగునది; అందు వేయబడు బంతులలో అధికభాగమునకు పరుగు రాదు, వికెట్టు పడదు, చెప్పుకొనదగిన ఘటన యేదియు జరుగదు; ఏమియు జరుగలేదన్న మాటనే వినువాడు చెవి మరల్చకుండునట్లు దినమెల్ల చెప్పవలసియుండుటయే ఈ శాస్త్రమునందలి క్లిష్టత. సిక్సరును ఎవరైనను వర్ణింపగలరు. కావుననే మేము సిక్సరును విడిచి పై వాక్యమును గైకొంటిమి.

ఇట్టి వాక్యముయొక్క భారమును ఎఱుగగోరువారు 1964 జనవరిలో మద్రాసున జరిగిన టెస్టును స్మరింతురు గాక. అందు బాపూ నాడకర్ణి తొలి ఇన్నింగ్సున ఇంగ్లండు జట్టునకు 32 ఓవర్లు వేసి 5 పరుగులు మాత్రమే ఇచ్చెను. 27 ఓవర్లు మెయిడెన్లు. అందు 21 వరుసవి. ఆ ఓవర్లకు ముందువెనుకల బంతులను కూడ చేర్చి లెక్కించినచో, 131 బంతులు ఒకదాని వెనుక నొకటి నిష్ఫలముగా పోయినవి. పిచ్చిపై నాణెమునుంచి దానిమీదనే బంతి పడునట్లు అభ్యసించినవాడని నాడకర్ణికి ప్రసిద్ధి. స్కోరరు ఎట్టులో బ్రతికెను: బంతికొక చుక్క పెట్టి, ఓవరు ముగియగనే ఆ చుక్కలను గీతతో కలిపి ఇంగ్లీషు ‘ఎం’ అక్షరము చేసి, పెన్సిలు చెక్కుకొనవచ్చును. వ్యాఖ్యాతకు చుక్కలు పెట్టు సౌకర్యము లేదు. అతడు నూటముప్పదియొక్క మాఱులు నోరు తెఱవవలెను.

అనుబంధచతుష్టయములో తక్కిన మూడింటిని శిష్యులే ఊహించుకొందురు. అధికారిని గూర్చి మాత్రము ఒక మాట. స్టేడియములో కూర్చున్నవాడు దీనికి అధికారి కాడు, అతనికి కన్నులున్నవి. కిళ్ళీకొట్టు ముందు నిలిచి, లోపలి రేడియోకు చెవి యొగ్గి, ఆఫీసునకు ఆలస్యమగుచున్న సంగతి మఱచినవాడే అధికారి. ఆకాశవాణి వ్యాఖ్యానము కొంతసేపు ఇంగ్లీషునను కొంతసేపు హిందీయందును సాగుచుండ, సర్కారు జిల్లాలలోని ఈ అధికారికి రెండును అంతంతమాత్రమే వచ్చియుండియు ఆట తెలియకపోయెడిది కాదు. అదెట్లో కడపటి పదముకడ చెప్పెదము.

టీక

‘వచ్చుచున్నాడు... వచ్చుచున్నాడు’ – ఇది పునరుక్తి యని దోషమెన్నుదురేని, తొందరపాటు. వేగముగా వేయు బౌలరు దూరమునుండి పరుగెత్తుకొని రావలెను. ఆ పరుగునకు పట్టు కాలమును మాటలతో నింపుటయే ద్విరుక్తికి ప్రయోజనము. వెస్టిండీస్ హాల్ వంటివాడు వచ్చునప్పుడు ఇది మూడు నాలుగు మాఱులు ఆవృత్తమగును. స్పిన్నరు విషయమున ఒక్కసారి అనుటకే వ్యవధి చాలదు. ఎన్నిమాఱులు ‘వచ్చుచున్నాడు’ అనెనో లెక్కించి బౌలరు పేరు చెప్పగల శ్రోతలు పూర్వము ఊరికి ఒకరిద్దరైన ఉండెడివారు.

‘కొంచెము వెలుపల’ – ఇచట పూర్వపక్షి లేచి యడుగును: వ్యాఖ్యాత కూర్చున్న గది పిచ్చికి ప్రక్కగా ఉన్నప్పుడు బంతి స్టంపునకు లోపలనో వెలుపలనో అతని కెట్లు కనబడును? కనబడదు. బ్యాట్స్‌మన్ కాలు ఎంత చాచెనో, కీపరు గ్లవ్సులు ఏ ప్రక్కకు జరిగెనో చూచి ఊహించును. అనుమానము ప్రమాణమే కదా. ప్రత్యక్షము పూర్తిగా లోపించినను వ్యాఖ్యానము ఆగదనుటకు దృష్టాంతము కలదు. 1938లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండులో ఆడుచుండగా సిడ్నీ స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాతలు, సముద్రమావలినుండి వచ్చు తంతివార్తలలోని పొడిపొడి మాటలను పట్టుకొని, బంతి బంతిని ఎదుట చూచినట్లు వర్ణించిరి. బ్యాటు బంతిని తాకిన చప్పుడునకు కఱ్ఱముక్కపై పెన్సిలుతో కొట్టుటయు, ప్రేక్షకుల కరతాళధ్వనులకు గ్రామఫోను రికార్డు వేయుటయు ఆ యేర్పాటులో భాగములు. తంతి ఆలస్యమైనప్పుడు ఆటకు ఏదో యొక అంతరాయమును కల్పించెడివారట. శ్రోతలకీ మర్మము తెలియనిది కాదు; తెలిసియు అర్ధరాత్రివఱకు మేల్కొనిరి. మూలము లేని దానికి ఇంతటి టీక వ్రాయుట మల్లినాథునకు సాధ్యము కాకపోవును. ఆ సిడ్నీ బృందములో అలన్ మెక్‌గిల్‌వ్రే అను యువకుడుండెను, అతనిని మఱువకుడు.

‘కవర్ వైపునకు’ – స్థాననిర్దేశము. 1927లో బి.బి.సి. వారు ట్వికెన్‌హామ్ నుండి రగ్బీ ఆటను ప్రసారము చేసినప్పుడు మైదానమును అంకెలు వేసిన గడులుగా విభజించిన పటమును పత్రికలో ముందుగా అచ్చువేసి, వ్యాఖ్యాత ప్రక్కన వేఱొకడు కూర్చుండి బంతి ఏ గడిలో నున్నదో అంకె చెప్పునట్లు ఏర్పఱచిరి. క్రికెట్టునకు అట్టి పటము అక్కఱలేకపోయెను. గల్లీ, పాయింట్, సిల్లీ మిడాన్ అను పేళ్ళే గడులు. మైదానమెన్నడు చూడని మనవాడును గాలిలో వ్రేలితో గీసి చూపెడివాడు.

‘పరుగు లేదు’ – వాక్యమునకు ప్రాణము. ఇది అర్థముచేత గాక స్వరముచేత బోధపడును. కిళ్ళీకొట్టువాడు తమలపాకు ఈనె త్రుంచి సున్నము రాచుచు, మేకునకు వ్రేలాడు తోలుతొడుగు రేడియో వైపు చూడనైన చూడడు. వ్యాఖ్యాత కంఠము హెచ్చినకొలది సున్నపు వ్రేలు ఆకుపై నెమ్మదించును, ‘కవర్ వైపునకు’ అనుచోట నిలిచిపోవును, ‘అక్కడ ఫీల్డరున్నాడు’ అని స్వరము దిగినంతనే వక్కపలుకులు రాలును. ఎదుట నిలిచినవారిలో ఒకడు నిట్టూర్చును. పలకపై సుద్దముక్కతో వ్రాసిన స్కోరు అట్లే యుండును. భాష రానివానికి భావము దక్కిన మార్గమిదియే.

తాత్పర్యము

ఏమియు జరుగలేదని భావము.

విశేషాంశములు

సంజయుడే ఆదివ్యాఖ్యాత యని సభలలో పలుకుట నేడొక వాడుకయైనది. భీష్మపర్వమును తెఱచి చూచినవారు ఈ మాట అనజాలరు. సంజయుడు యుద్ధభూమినుండి వచ్చి ధృతరాష్ట్రునకు మొట్టమొదట చెప్పినది భీష్ముడు కూలెనని. పదిదినముల పోరు కథ ఆ పిమ్మట వెనుకకు మరలి చెప్పినది. ఫలితము ముందు వినిపించి ఆట వెనుక వినిపించువానిని రాత్రివార్తలు చదువువాడందుము గాని ప్రత్యక్షవ్యాఖ్యాత యనము. అదియుగాక అతడు వర్ణించిన బాణములలో తగిలినవో, నడుమ ఖండింపబడినవో తప్ప ఊరక పోయినవి అరుదు. ‘పరుగు లేదు’ అని దినమెల్ల చెప్పవలసివచ్చియుండిన సంజయుని నైపుణ్యము బయటపడియుండెడిది.

ఆ పరీక్షకు ఒంటరిగా నిలిచినవాడు బొంబాయి తల్యార్‌ఖాన్. 1934 నాటి క్వాడ్రాంగ్యులర్ పోటీలనుండి వ్యాఖ్యానించిన ఈయన మైకును అన్యులతో పంచుకొననొల్లక దినమంతయు తానొక్కడే పలికెడివాడు; వంతులు వేసికొని ముగ్గురు చెప్పవలెనని ఆకాశవాణివారు నియమించినప్పుడు మైకునే విడిచిపెట్టెను. మన విజయనగర మహారాజకుమారుడు, 1936లో ఇంగ్లండునకు భారతజట్టును నడిపిన విజ్జీ, అనపేక్షితభాగమును మిక్కిలిగా పోషించెననుటకు ఒక కథ కలదు: తాను పెక్కు పులులను వేటాడితినని ఆయన చెప్పుకొనగా, వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, తమ వ్యాఖ్యానమును రేడియోలో వినిపించి చంపితిరనుకొంటిని అనెనట. కథ నిజమో కాదో, పులులు సాక్ష్యమీయజాలవు.

టెలివిజను వచ్చిన పిమ్మట పై మూలవాక్యమంతయు తెఱపై కనబడుచుండగా నోటితో చెప్పుట వ్యర్థమయ్యెను. దీనిని గ్రహించి, బొమ్మకు చేర్చదగినది ఉన్నగాని పెదవి కదల్పని రిచీ బెనో ఒక్కడే మల్లినాథశాఖీయుడు. ఐపీఎల్ తెలుగు వ్యాఖ్యానములో ఈ శాఖవారు కానరారు. సామెతలు, సినిమా డైలాగులు, పరస్పరపరిహాసములు ధారాళముగా ప్రవహించును. మేము వీనిని దోషములని త్రోసిపుచ్చము. నిష్ఫలమైన బంతికి ఏదో యొక అలంకారము కావలెను గదా. ఐతే బంతి వేయబడుచుండగానైన ఆ పరిహాసమును ఆపుదురేని మేలు.

ఫలశ్రుతి

1960 డిసెంబరున బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా, వెస్టిండీస్ జట్లు తలపడిన టెస్టులో చివరి అపరాహ్ణమున మెక్‌గిల్‌వ్రే, ఆట ఇంక తేలిపోయినదని తలచి, సిడ్నీకి విమానమెక్కెను. ఆస్ట్రేలియా నాయకుడు పైన చెప్పిన బెనోయే. హాల్ వేసిన కడపటి ఓవరులో అతడు ఔటయ్యెను. సోలమన్ విసిరిన బంతి స్టంపును తాకగా మెకిఫ్ రనౌటై, గెలుపు పరుగు లెక్కకు రాక, ఇరుజట్ల మొత్తము పరుగులును 737 వద్ద సమానముగా నిలిచిపోయినవి. టెస్టుచరిత్రలో అదియే మొదటి టై. ఇరువది రెండేండ్లక్రితము సముద్రమావలి ఆటలను చూడకయే చూచినట్లు చెప్పిన మెక్‌గిల్‌వ్రే, తన దేశముననే జరిగిన ఈ ఆట ముగింపును సిడ్నీలో దిగిన తరువాత పరులు చెప్పగా వినెను.