అద్దె ప్రకటనకు లఘుటీక

మూలం: "శతవర్ష భవనమందు సుందర నివాసం, పాత ప్రాణం, కొత్త శ్వాస, అభిరుచి గల కొద్దిమందికే."

అవతారిక: తిరువళ్లూరులో వీరరాఘవస్వామి గుడికి పోయే దారిలో ఒక పాత మేడకు ఈ వాక్యం వేలాడుతున్నది. కవి ఇళ్ల బ్రోకరు. గణాలు కుదరలేదు గాని పది నెలల అడ్వాన్సు కుదిరింది.

టీక: 'శతవర్ష', 'సుందర' బాలురకు సైతం తెలిసినవే గనుక వదిలిపెట్టడమైనది. నిరాధారమైనదీ అనవసరమైనదీ రాయనని కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనకు అద్దె ప్రకటనలు తగల్లేదు.

'కొత్త శ్వాస': ఏసీ అని పూర్వపక్షం. అది నిలవదు, శ్వాసించేది గోడ. సున్నపురాయినో గవ్వలనో కాల్చి, నీళ్లతో విరిచి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరితే డంగు సున్నం. కరక్కాయా బెల్లమూ నానవేసిన నీళ్లు అందులో పోసేవారు. చెన్నపట్నం మేస్త్రీలు పైపూతకు తెల్లసొన, పెరుగు కూడా చేర్చి, రాతితో రుద్ది రుద్ది అద్దంలా తేల్చేవారు. ఆ గచ్చును చూసి దొరలు పాలరాయే అనుకున్నారు. కప్పు సంగతి చెప్పకుండా ఎలా? దాని పేరు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద పలచని ఇటుకలను అంచున నిలబెట్టి, ఐమూలగా వరుసలు తీర్చి, సున్నంతో బిగించేవారు. ఆ సున్నం ఏళ్ల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. వానకు చెమ్మ తాగుతుంది, ఎండకు వదిలేస్తుంది.

అటువంటి గోడకు సిమెంటు మెత్తి, ప్లాస్టిక్ పెయింటు వేసి, ఒక్కచోట మాత్రం చెక్కి ఇటుకలు బయటపెట్టి వాటి మీద లైటు వేశారు! లోపల చిక్కిన చెమ్మ ఉప్పుగా పొంగి పెచ్చులూడదీస్తుంది. పాత ఊపిరి ఆపినవాడే కొత్త ఊపిరి అమ్ముతున్నాడని అన్వయం.

ప్రకృతం మరిచాం. 'కొద్దిమందికే': వీధి అరుగుకు ఇనుప గ్రిల్లు బిగించి, వెనకాల ఇత్తడి గంగాళంలో ప్లాస్టిక్ తామరలు తేల్చారు. ఆడికృత్తికకు కావడి ఎత్తుకుని తిరుత్తణి మురుగన్ గుడికి నడిచేవాళ్లు కాసేపు కూర్చునే నీడ ఆ అరుగు. అక్కడ కొండకు 365 మెట్లున్నాయి, ఎక్కేవాడి అభిరుచి ఏమిటని ఎవరూ అడగరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. రాష్ట్రం మారిన నాడు కూడా అరుగులకు గ్రిల్లు పడలేదు. ఇంటీరియర్ డిజైనర్ వచ్చాక పడింది.

తాత్పర్యం: అయ్యా ఇంటివారూ, అద్దె మీ ఇష్టం వచ్చినంత పెంచుకోండి. సిమెంటు గీకించి సున్నం కొట్టించండి. ఆ గ్రిల్లు మాత్రం ఆడికృత్తిక లోపల తీయించండి.