ఇంటికి వైఫై పెట్టుకోవడం ఎలా: కయత్తారు వారికి తొమ్మిది తిరుగులేని చిట్కాలు

తమిళనాడులోని కయత్తారులోనూ, ఇటు కోవిల్‌పట్టి నుంచి అటు విరుదునగర్ దాకా ఉన్న కరిసల్ అనే నల్లరేగడి పల్లెల్లోనూ మన తెలుగిళ్లలో నెట్ ఆగిందంటే ముందు గాలిని తిడతాం, తరవాత గవర్నమెంటును, ఆఖర్న పక్కింటివాణ్ణి. వైఫై డబ్బాను మాత్రం పల్లెత్తు మాట అనం. ఆ మర్యాద నిలవాలంటే డబ్బా కొన్న రోజు నుంచే జాగ్రత్తపడాలి. టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ కనెక్షన్‌ను ఇంకా వదలనివాళ్ల కోసం ఈ చిట్కాలు. ఫైబరుకు మారినవాళ్లకూ సగం పనికొస్తాయి. తీగ మారింది గానీ మనం మారలేదు కదా.

1. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడకండి

కోవిల్‌పట్టి బజారులో అంగడికి పోయి "అన్నా, మంచి వైఫై డబ్బా ఒకటి ఇయ్యి" అనండి. మోడెమ్ అన్న మాట నోట రానివ్వకండి. అప్పుడు ఆయన ఉత్త రౌటర్ ఇస్తాడు. డీఎస్ఎల్ మోడెమ్‌కైతే వెనక టెలిఫోన్ పిన్ను పట్టే సన్న రంధ్రం ఒకటి, దాని పక్కన డీఎస్ఎల్ అన్న అక్షరాలు ఉంటాయి. ఉత్త రౌటర్‌కు అన్నీ వెడల్పు రంధ్రాలే. ఇంటికొచ్చి టెలిఫోన్ పిన్నును అందులోనే ఒకదాంట్లో దూర్చండి. వదులుగానైనా కూర్చుంటుంది. కూర్చుందంటే పనిచేసి తీరాలి. చేయలేదంటే మన ఊరికి సిగ్నల్ రాలేదని అర్థం.

2. అట్టపెట్టె మీది అంకెను నమ్మండి

300 అని రాసి ఉంటే 300 ఎంబీపీఎస్ వచ్చి తీరాలి. అది డబ్బాకూ ఫోనుకూ నడుమ గాలిలో నడిచే వేగమనీ, అదీ కాగితం మీది లెక్కేననీ, బయటినుంచి రాగితీగ తెచ్చేది వేరే సంగతనీ కొందరు చెప్తారు. వినకండి. ఏడీఎస్ఎల్2ప్లస్ అనే పద్ధతిలో ఆ తీగ, ఎక్స్చేంజి గోడ పక్కనే ఉన్న ఇంటికైనా, 24 ఎంబీపీఎస్‌కు మించి మోయదు. 2004 నాటి జాతీయ బ్రాడ్‌బ్యాండ్ విధానమైతే 256 కేబీపీఎస్‌నే బ్రాడ్‌బ్యాండ్ అంది. అంత చిన్న అంకెలతో మనకేం పని? 300 చాలకపోతే 1200 కొనండి.

యాంటెనాలు కూడా లెక్కపెట్టండి. కయత్తారు చుట్టూ తిరిగే గాలిమరలకు మూడేసి రెక్కలున్నాయి కాబట్టి డబ్బాకు మూడుకు తగ్గకూడదు. గాలిమరలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ కేంద్రం కూడా మన ఊళ్లోనే ఉంది. అంతంత యంత్రాలనే కొలిచి చూసిగానీ బాగున్నాయని ఒప్పుకోరట. మనకు అంత అనుమానబుద్ధి వద్దు.

3. అటెన్యుయేషన్ ఎంత ఎక్కువైతే అంత గొప్ప

ఫోన్లో 192.168.1.1 అని కొడితే మోడెమ్ లోపలి పేజీ తెరుచుకుంటుంది. అందులో లైన్ అటెన్యుయేషన్ అని ఒక అంకె ఉంటుంది. మీది 62, మామగారింట్లో 28 అయితే సంబరపడండి. మీది రెండింతలు. ఎక్స్చేంజి నుంచి తీగ సాగేకొద్దీ సిగ్నల్ ఎంత నీరసపడిందో చెప్పే అంకె అదనీ, ఐదు కిలోమీటర్లు దాటిన ఇంటికి ఆ 24 ఎంబీపీఎస్‌లో పదోవంతు రావడం కూడా కష్టమనీ ఎవరైనా అంటే అసూయ అనుకోండి. దాని కింద ఎస్ఎన్ఆర్ మార్జిన్ అని ఇంకో అంకె. ఇది ఆరుకు తగ్గితే లైను తెగుతూ కలుస్తూ ఉంటుందట. ఒక అంకె తగ్గితే మంచిది, ఇంకోటి పెరిగితే మంచిది అని రెండు నాలుకలతో మాట్లాడే పేజీ అది. మూసేయండి.

4. స్ప్లిట్టర్‌ను పిల్లల ఆటకు ఇచ్చేయండి

మోడెమ్‌తో పాటు అగ్గిపెట్టె అంత తెల్ల డబ్బా ఒకటి వస్తుంది. ఒక వైపు లైను, రెండో వైపు ఫోను, మోడెమ్ అని రాసి ఉంటుంది. ఒకే తీగ మీద మాట కింది పౌనఃపున్యాల్లోనూ నెట్ పైవాటిలోనూ నడుస్తాయి కాబట్టి రెంటినీ వేరుచేయడానికే అదట. తీసేస్తే ఫోను మోగినప్పుడల్లా నెట్ పడిపోతుంది. అదీ మన మంచికే. మేడ మీద సినిమా చూస్తున్న అబ్బాయికి, కింద హాల్లో ఫోను మోగుతోందని ఎవరూ కేక పెట్టి చెప్పక్కర్లేదు.

5. డబ్బాను దుమ్ము తగలని చోట దాచండి

కరిసల్ దుమ్ము తెలిసిందే. అందుకని డబ్బాను ఇనుప బీరువాలో చీరల వెనక పెట్టండి. బీరువాలో చోటు లేకపోతే, 2020లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కోవిల్‌పట్టి కడలై మిట్టాయి వచ్చిన పెద్ద రేకు డబ్బా ఉందిగా. వైరుకు ఓ బొక్క కొట్టి, మోడెమ్‌ను లోపల కూర్చోబెట్టి, మూత బిగించండి. రేకు రేడియో తరంగాలను బయటికి పోనివ్వదంటారు. పోనివ్వకపోతే ఇంకా మేలు, మన నెట్ మన డబ్బాలోనే ఉంటుంది. ఇల్లంతటికీ నడిమధ్యన, తల ఎత్తున, నాలుగు వైపులా ఖాళీ ఉన్న చోట పెట్టమనేవాళ్లకు ఇల్లు సర్దుకోవడం చేతకాదు.

6. ఏ రోగానికైనా పిన్నీసే మందు

ముందు వైపు దీపాలను పట్టించుకోకండి. డీఎస్ఎల్ దీపం మిణుకుమంటుంటే తీగ దొరకలేదని, అది నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ దీపం ఎర్రబడితే యూజర్‌నేమో పాస్‌వర్డో కుదరలేదని అర్థమట. దీపాలు చదివి రోగం చెప్పడం మన పని కాదు. వెనక సన్నని బొక్క ఉంటుంది. జాకెట్టుకు పెట్టుకునే పిన్నీసు విప్పి, మొన అందులో దూర్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కండి. దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలుగుతాయి. చూడముచ్చటగా ఉంటుంది. కనెక్షన్ ఇచ్చిన రోజున ఎక్కించిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీపీఐ 0, వీసీఐ 35 లాంటి లైను సెట్టింగులన్నీ ఆ నొక్కుతో చెరిగిపోతాయి. వాటిని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోకండి. ఇంకొకరికి దొరికితే?

7. పేరు ఘనంగా, పాస్‌వర్డ్ సులువుగా

1799 అక్టోబర్ 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీసిన ఊరు మనది. కాబట్టి వైఫైకి ఆయన పేరే పెట్టండి. వీధిలో ఇంకో నలుగురు అదే పెట్టుకుని ఉంటారు. ఎవరి కట్టబొమ్మన్‌కు తగులుకున్నామో ఫోనుకూ తెలియదు, మనకూ తెలియదు. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఎనిమిది దాకా. మోడెమ్ లోపలి పేజీకి ఫ్యాక్టరీ పెట్టిన అడ్మిన్, అడ్మిన్ అలాగే ఉండనివ్వండి. 2017 జూలైలో బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌ల మీద మాల్వేర్ దాడి జరిగి, పాస్‌వర్డ్ మార్చుకోండని కంపెనీ చెప్పాల్సి వచ్చింది. అది ఊరివాళ్లందరికీ చెప్పింది గానీ మన పేరు పెట్టి చెప్పలేదుగా. ఎనిమిది అంకెల రహస్యాన్ని పక్కింటికి చేరవేసిన కొడుకును మాత్రం, కట్టబొమ్మన్‌ను పట్టించాడని చెప్పుకునే ఎట్టప్పన్ పేరు పెట్టి తిట్టండి. ఈ పక్క అంతకు మించిన తిట్టు లేదు.

8. ఉరుముకు బెదరకండి

ఐప్పసి, కార్తిగై అనే తమిళ మాసాల్లో సాయంత్రం పూట మబ్బు కమ్మి ఉరిమితే కరెంటు ప్లగ్ ఒక్కటి పీకి ధైర్యంగా ఉండండి. పిడుగు పోటు టెలిఫోన్ తీగ వెంట కూడా వస్తుందనీ, ఆ పిన్నును కూడా లాగేయాలనీ చాదస్తులు అంటారు. వాన వెలిశాక రిసీవర్ ఎత్తితే గరగరమంటుంది. తీగ అతుకుల్లో నీళ్లు చేరిన చప్పుడట అది. టీవీ శబ్దం పెంచితే వినపడదు.

9. లైన్‌మాన్‌ను గుమ్మం దగ్గరే ఆపండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఫిర్యాదు చేయండి, రోజూ చేయండి. కానీ లైన్‌మాన్ నిజంగా వచ్చేస్తే జాగ్రత్త. బయటి స్తంభం నుంచి డ్రాప్ వైరు ఇంట్లోకి దిగేచోట రోజెట్ అని చిన్న పెట్టె ఉంటుంది. ఇంట్లో మనం లాగిన అతుకుల వైర్లన్నీ ఊడదీసి, మోడెమ్‌ను తిన్నగా అక్కడే తగిలించి చూస్తానంటాడు. అక్కడ నడవకపోతే తప్పు బయట ఉన్నట్టు, నడిస్తే లోపల ఉన్నట్టు. అయిదు నిమిషాల పని, అణా ఖర్చు లేదు. ఒప్పుకోకండి. అక్కడ నెట్ ఖంగుమని వచ్చిందనుకోండి, రేకు డబ్బా తెరవాలి, వైర్లు మార్చాలి, పిల్లల్ని అడిగి స్ప్లిట్టర్ వెతికించాలి. పైగా ఇన్నాళ్లూ తిట్టిన పక్కింటివాడితో రేపటి నుంచి ఏ ముఖం పెట్టుకుని మాట్లాడతాం? కాఫీ ఇచ్చి పంపేయండి. ఆయన వీధి మలుపు తిరగ్గానే మళ్లీ ఫోన్ చేసి, మనిషి వచ్చాడు గానీ ఏమీ చూడకుండానే పోయాడని ఇంకో ఫిర్యాదు రాయించండి.