పెట్టె పగలగొట్టండి, పేక కలపండి

ముందుగా ఒక కటింగ్ ప్లయరు తెచ్చుకోండి. కరెంటు పనివాళ్ల దగ్గర ఉండేదే, ఏ హార్డ్‌వేర్ కొట్టులోనైనా దొరుకుతుంది. మీ బ్లాక్ లోటస్ కార్డు ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టెను బల్ల మీద పెట్టండి. కార్డుకు దూరంగా ఉన్న పై మూలను ప్లయరుతో పట్టి మెల్లగా తిప్పండి. రెండు పలకలను కలిపిన అతుకు చిటపటమని విడిపోతుంది. లోపలి కార్డును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని బయటికి తీయండి. తెల్ల గ్లౌజులు వేసుకోకండి. అది పేకముక్క, చేత్తో పట్టుకోవడానికే అచ్చయింది.

మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఆడడం మొదలుపెట్టి నాకు 20 ఏళ్లు దాటింది. ఖరీదైన కార్డు ఎవరి చేతికి దొరికినా చుట్టూ ఉన్నవాళ్లు ఒకే పాట పాడతారు. ముట్టుకోకు, మార్కులేసి పెట్టెలో సీలు చేసే గ్రేడింగ్‌కు పంపు, బ్యాంకు లాకర్లో పెట్టు, ధర పెరిగేదాకా ఆగు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. కార్డు ఎంత ఖరీదైతే అంత ఎక్కువగా ఆడాలి. లక్షలు చేసే కార్డును వారానికి ఒక్కసారైనా కలపాలి, కోయాలి, పంచాలి, బల్ల మీద వేయాలి.

ఎందుకో చెప్పాలంటే ఆట పుట్టిన నాటికి వెళ్లాలి. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణితశాస్త్రవేత్త ఈ ఆట తయారుచేశాడు. విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే అమెరికన్ కంపెనీ 1993 ఆగస్టులో విడుదల చేసింది. ఆ మొదటి ముద్రణను ఆల్ఫా అంటారు. కార్డులు అచ్చయింది బెల్జియంలో, కార్టా ముండి అనే పేకముక్కల కంపెనీలో. ఆల్ఫాలో అన్నీ కలిపి సుమారు 26 లక్షల ముక్కలు. అరుదైన ఒక్కో కార్డు అందులో 1,100 చొప్పున ఉంటుందని లెక్క. బ్లాక్ లోటస్ వాటిలో ఒకటి. 2024లో ఆల్ఫా లోటస్ ఒకటి 30 లక్షల డాలర్లకు చేతులు మారింది. దానికి సీజీసీ అనే గ్రేడింగ్ సంస్థ ప్రిస్టీన్ 10 ఇచ్చింది, అంటే మూలలు, అంచులు, ముఖం, బొమ్మ చుట్టూ వదిలిన ఖాళీ, అన్నీ లోపం లేనివని.

ఆ 30 లక్షలు ఎక్కడినుంచి వచ్చాయో ఆలోచించండి. 1,100 లోటస్‌లూ పెట్టెల్లో భద్రంగా ఉండి ఉంటే, ఏ మచ్చా లేనిదానికి అంత ధర పలికేదా? మిగిలినవాటిని పిల్లలు ఆడారు. రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కుకున్నారు, కాలేజీ క్యాంటీన్ బల్లల మీద, సిమెంటు గచ్చు మీద పరిచారు, కోక్ ఒలకబోశారు, కొన్నిటిని పారేసుకున్నారు. వాళ్లు అరగదీసినందుకే ఆ ఒక్కటీ అపురూపమైంది. నన్నడిగితే ఆ ధరలో న్యాయమైన వాటా అరిగిన కార్డులది. కాబట్టి మీ కార్డు మీద గీత పడిందని బాధపడకండి. దానివల్ల మరో ఊళ్లో మరొకరి కార్డు కాస్త అరుదవుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే.

కొనేటప్పుడు కూడా అన్నిటికన్నా దెబ్బతిన్న కార్డునే అడగండి. అంగళ్లలో హెవీలీ ప్లేడ్ అని రాసి వెనక డబ్బాలో వేస్తారు. ముందు ఆ డబ్బా చూడండి. నేను అమెరికా వచ్చిన కొత్తలో, డాలస్ దగ్గర ఒక ఆటల కొట్లో, ఒక పెద్దాయన దగ్గర రివైజ్డ్ ముద్రణ వోల్కానిక్ ఐలాండ్ 20 డాలర్లకు కొన్నాను. కింది మూలలో కాఫీ మరక. 1994లో ఏదో టోర్నమెంటులో చివరి ఆట గెలిచిన సంబరంలో కప్పు తన్నేశానని ఆయన చెప్పాడు. ఇవాళ అదే కార్డు వందల డాలర్లు పలుకుతోంది. అందులో నాకు విలువైన భాగం ఆ మరకే. (వోల్కానిక్ ఐలాండ్ గురించి ఒక మాట: ఆల్ఫాలో ఆ కార్డు వేయడం మరిచిపోయారు. తర్వాత వచ్చిన బీటాలోనే చేరింది. ఎవరైనా ఆల్ఫా వోల్కానిక్ ఐలాండ్ అని చూపిస్తే నమస్కారం పెట్టి బయటికి నడవండి.)

కొనేముందు అసలుదో నకిలీదో తేల్చుకోవాలి కదా. భూతద్దంతో చూసే పద్ధతి ఉంది. కార్డు వెనక ఐదు రంగుల చుక్కల్లో ఆకుపచ్చదాని లోపల, నాలుగు ఎర్రటి చిన్న చుక్కలు ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో కనిపించాలి. కార్డు వెనక టార్చి వేసి వెలుగు ఎలా దాటుతుందో చూసేవాళ్లూ ఉన్నారు. ఇవి మంచివే కానీ నా ఓటు వంచి చూడడానికే. పొట్టి అంచులను రెండు వేళ్లతో పట్టి, అవి ఒకదానికొకటి తగిలేంతగా వంచి వదలండి. అసలు కార్డు ముడత పడకుండా తిరిగి చాపలా పరుచుకుంటుంది. అమ్మేవాడికి గుండె ఆగినంత పనవుతుంది. మీరు మాత్రం ఖరీదు పెద్దదనే కారణంతో ఈ పరీక్ష మానకండి. వంగినా నిలిచే అట్ట మీద అచ్చువేశారంటే, వంగే చేతుల్లోకి వెళుతుందని వాళ్లకు తెలుసు.

స్లీవ్స్ (కార్డులకు వేసే ప్లాస్టిక్ తొడుగులు) వద్దు. ఆల్ఫా కార్డుల మూలలు మిగతా ముద్రణలకన్నా ఎక్కువ గుండ్రంగా ఉంటాయి. వేరే కార్డులతో కలిపితే వెనకనుంచే గుర్తుపట్టేయవచ్చు. అందుకే టోర్నమెంటుల్లో స్లీవ్స్ వేయమంటారు. దీనికి విరుగుడు తేలికే. డెక్ మొత్తం ఆల్ఫా కార్డులతోనే కట్టండి, మానా అనే శక్తినిచ్చే నేల కార్డులు కూడా. అప్పుడు అన్ని మూలలూ ఒకటే, ప్లాస్టిక్ అక్కర్లేదు. ఆ పాత అట్టను కలిపినప్పుడు వచ్చే చప్పుడు ఒకసారి విన్నవాళ్లు మళ్లీ స్లీవ్ తొడగరు.

ఇక పందెం సంగతి. మొదటి నిబంధనల ప్రకారం ఆట మొదలయ్యేముందు ఇద్దరూ తమ కట్ట పైముక్క తీసి పక్కన పెట్టాలి, గెలిచినవాడు రెండూ ఇంటికి తీసుకెళ్లాలి. దాన్ని యాంటీ అనేవారు. గోళీలాటలోంచి ఆ ఆలోచన వచ్చిందని గార్ఫీల్డ్ చెప్పాడు. ఒకడి దగ్గరే మంచి కార్డులన్నీ పోగుపడకుండా చేతులు మారుతూ ఉండాలన్నది ఉద్దేశం. కాంట్రాక్ట్ ఫ్రమ్ బిలో వంటి కార్డులు ఆ పందెం కోసమే పుట్టాయి. తర్వాత పందెం నిబంధనను పక్కన పెట్టేశారు, ఆ కార్డులను టోర్నమెంటుల్లో నిషేధించారు. నా లెక్కలో ఈ ఆటకు జరిగిన అతిపెద్ద నష్టం అదే.

మా ఏలూరు వీధుల్లో చిన్నప్పుడే ఈ పందెం నాకు తెలుసు. సిగరెట్ పెట్టెల అట్టలు ఏరేవాళ్లం. చార్మినార్ అట్టకు విలువ తక్కువ, ఎక్కడ చూసినా దొరికేది. సిజర్స్, గోల్డ్ ఫ్లేక్ దానికన్నా మేలు. ఎవరో విదేశాల నుంచి వచ్చినవాళ్లు పడేసిన 555 పెట్టె దొరికినవాడే ఆ రోజు రాజు. మట్టిలో గీత గీసి, అట్టలు మధ్యలో పేర్చి, రాయితో కొట్టేవాళ్లం. గీత దాటించినవాడిదే అట్ట. 555 ఉన్నవాడు దాన్ని పుస్తకంలో దాచుకుంటే మేమెవరం వాణ్ని ఆటకు పిలిచేవాళ్లం కాదు. కాబట్టి స్నేహితులతో యాంటీ పెట్టుకోండి. లోటస్ కూడా కట్టలోనే ఉండాలి. పైముక్కగా అది వస్తే వచ్చింది.

కేయాస్ ఆర్బ్ ఉన్నవాళ్లకు ప్రత్యేకం. ఆ కార్డు వాడేటప్పుడు కనీసం ఒక అడుగు ఎత్తు నుంచి బల్ల మీదికి విసరాలి, గాలిలో కనీసం ఒకసారైనా పూర్తిగా తిరగాలి. అది పడి తాకిన కార్డులన్నీ ఆటలోంచి పోతాయి. ఒక ఆటగాడు దాన్ని ముక్కలుగా చింపి బల్లంతా చల్లి గెలిచాడన్న కథ ఒకటి తరతరాలుగా తిరుగుతోంది. ఆ కథ ఆధారంగానే 1998లో అన్‌గ్లూడ్ అనే సరదా సెట్‌లో కేయాస్ కన్ఫెటీ అనే కార్డు వేశారు. చింపమని నేను చెప్పను. విసరడం మాత్రం మానకండి. రెండు అడుగుల ఎత్తు నుంచి విసరండి, మూల నేలకు తగిలితే తగలనివ్వండి. వేల డాలర్ల కార్డు గాలిలో తిరుగుతున్న ఆ అరక్షణం చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబడతారు. ఏ లాకరూ ఇవ్వలేనిది అది.

స్వీడన్‌లో పాత కార్డులతోనే ఆడే ఓల్డ్ స్కూల్ పద్ధతి మొదలుపెట్టినవాళ్లు నాకు గురువులు. గోథెన్‌బర్గ్‌లో నూబ్‌కాన్ అనే టోర్నమెంటు జరుపుకుంటారు. గెలిచినవాడికి బహుమతి జెయింట్ షార్క్ అనే కార్డు. ద డార్క్ సెట్‌లోని మామూలు ముక్క, చిల్లర డబ్బులకు వస్తుంది. దాని మీద తోటి ఆటగాళ్లు సంతకాలు చేస్తారు. అంతే, ఇక దానికి ధర లేదు. మీరూ అదే చేయండి. మీ మాక్స్ రూబీ కార్డుతో ఎవరినైనా ఓడించారా, వాళ్లతోనే దాని మీద సంతకం పెట్టించండి. పర్మనెంట్ మార్కరు వాడండి, తడికి చెదరదు. లోటస్ బొమ్మ గీసిన క్రిస్టఫర్ రష్ 2016లో పోయాడు, ఆయన సంతకం కొత్తగా ఇక దొరకదు. 2021 జనవరిలో 5,11,100 డాలర్లకు అమ్ముడైన ఆల్ఫా లోటస్ గుర్తుందా? దాని ప్లాస్టిక్ పెట్టె మీద ఆయన సంతకం ఉంది. చిత్రకారుడి చేయి కార్డుకు తగలకుండా మధ్యలో ప్లాస్టిక్ అడ్డుపడింది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

గ్రేడింగ్‌కు పంపడం గురించి ఎక్కువ చెప్పను. ఒకసారి ఒక కంపెనీకి నా డెక్‌లోంచి ఒక కార్డు పంపాను. నెలల తరబడి రాలేదు. ఆ నెలలన్నీ డెక్ ఒక ముక్క తక్కువగా ఉంది. పంపకండి.

సీలు తీయని పాత ప్యాకెట్లున్నవాళ్లూ వినండి. బీటా బూస్టర్ ప్యాకెట్‌లో 15 కార్డులుంటాయి. వాటిని 30 ఏళ్లుగా ఎవరూ చూడలేదు. ముగ్గురు స్నేహితులను పిలిచి, కొలతకన్నా పచ్చిమిర్చి ఎక్కువగా వేసి ఉప్మా చేసి, చింపి తెరవండి. లోపల లోటస్ ఉందో లేదో తెలియకుండా బతకడం ఏం బతుకు?

వన్ రింగ్ కార్డు ప్రత్యేక ముద్రణ ప్రపంచంలో ఒక్కటే. 2023లో లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సెట్‌తో విడుదల చేశారు, దాదాపు 20 లక్షల డాలర్లకు గాయకుడు పోస్ట్ మలోన్ కొన్నాడు. ఆయన స్వయంగా మ్యాజిక్ ఆడతాడు, అందుకే నాకు సంతోషం. ఆయన దాన్ని ఒక్కసారైనా బల్ల మీద వేయాలని నా కోరిక. నాలుగు మానాతో వేస్తే తన తర్వాతి టర్న్ దాకా ఎవరూ ఆయన్ను ఏమీ చేయలేరు. ఆ తర్వాత ప్రతి టర్న్‌కూ ఎక్కువ కార్డులు వస్తాయి, ప్రాణాలూ ఎక్కువెక్కువగా తరుగుతాయి. ఉంగరం మోసేవాడి కష్టం అనుభవించకుండా ఉంగరం ఎందుకు?

పోకెమాన్ కార్డులు దాచేవాళ్లకూ ఒక్క మాట. పికాచు ఇలస్ట్రేటర్ కార్డును 1997, 98ల్లో జపాన్‌లో కోరోకోరో పత్రిక పెట్టిన బొమ్మల పోటీల్లో గెలిచినవాళ్లకు ఇచ్చారు. వాటిలో ఒకదాన్ని యూట్యూబర్ లోగన్ పాల్ 52.75 లక్షల డాలర్లకు కొని, మెడలో గొలుసుకు వేలాడదీసి రెస్లింగ్ బరిలోకి నడిచాడు. బయటికి తెచ్చినందుకు ఆయన్ను మెచ్చుకుంటాను. ఆ కార్డు అసలు ఉండవలసింది పిల్లల డ్రాయింగ్ క్లాసులో, వాళ్ల ముక్కు ఎత్తున, గుండుసూదితో గుచ్చి.

మొన్న మా వీధి చివరింట్లో ఉండే కాలేజీ కుర్రాడు ఆటకొచ్చాడు. వాళ్ల అమ్మానాన్నలది విజయవాడ. యాంటీ పెడదామన్నాను, సరేనన్నాడు. నా కట్ట పైముక్క తీస్తే కాఫీ మరక వోల్కానిక్ ఐలాండ్ వచ్చింది. అతడిది తీస్తే ఒక ప్లెయిన్స్, ఏ కొట్లోనైనా ఊరికే ఇచ్చే ముక్క. ఆట అరగంట నడిచింది, నేను ఓడిపోయాను.

"అంకుల్, నిజంగా ఇచ్చేస్తున్నారా? ఆ కార్డు ఖరీదు తెలుసా మీకు?" అన్నాడు.

"గెలిచావుగా బాబూ, తీసుకో" అన్నాను.

తర్వాతి వారం దాన్ని గట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చాడు. కవర్ తీయించాను, తన కట్టలో కలిపించాను. రెండో టర్న్‌లోనే దాన్ని కింద వేశాడు. మరక ఉన్న మూలను పట్టుకుని అడ్డంగా తిప్పి, ఎర్ర మానా తీసి, లైట్నింగ్ బోల్ట్‌తో నన్నే కొట్టాడు.